రాబర్ట్ బున్సెన్

రాబర్ట్ విల్హెల్మ్ ఎబర్‌హార్డ్ బున్సెన్ (మార్చి 30, 1811 - ఆగస్టు 16, 1899) సుప్రసిద్ధ జర్మన్ రసాయన శాస్త్రవేత్త. పాఠశాల ప్రయోగశాలలలో వాడే బున్సెన్ బర్నరు వల్ల ఈయన పేరు విద్యార్థులందరికీ సుపరిచితం. గుస్తావ్ కిర్కాఫ్‌తో కలిసి వర్ణపట విశ్లేషణ పద్ధతిని రూపొందించి, దాని సాయంతో సీజియం, రుబీడియం అనే రెండు మూలకాలను కనుగొన్నాడు. అయితే ఈ కీర్తి చాటున మరుగుపడిన ఘట్టం ఒకటి ఈయన జీవితంలో ఉంది. ఇనుప కొలిముల నుంచి బయటికి పోయే వాయువులను సేకరించి, వాటిలో ఏది ఎంత శాతం ఉన్నదో కొలిచి, ఇంధనంలోని వేడిలో సగానికి పైగా వృథాగా పోతున్నదని లెక్కకట్టి చూపినవాడు బున్సెన్. మంట ఎంత సక్రమంగా మండుతున్నదో దాని నుంచి వెలువడే వాయువులను కొలిచి చెప్పవచ్చుననే ఆలోచనకు ఈయన పరిశోధనలు గట్టి పునాది వేశాయి. నేడు బాయిలర్లు, ఫర్నేసుల వద్ద వాడే పొగవాయు విశ్లేషకాలు ఈ ఆలోచన మీదనే పనిచేస్తున్నాయి.

బాల్యం, విద్యాభ్యాసం

బున్సెన్ జర్మనీలోని గోటింగెన్ పట్టణంలో 1811లో జన్మించాడు. చర్చి రికార్డులలో పుట్టినరోజు మార్చి 30 అని ఉన్నప్పటికీ, ఈయన తన జన్మదినాన్ని మార్చి 31న జరుపుకునేవాడు. తండ్రి క్రిస్టియన్ బున్సెన్ గోటింగెన్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర ఆచార్యుడు, గ్రంథాలయాధికారి. నలుగురు కొడుకులలో రాబర్ట్ చివరివాడు.

హోల్జ్‌మిండెన్‌లో పాఠశాల విద్య ముగించుకొని, 1828లో గోటింగెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ కాడ్మియం మూలకాన్ని కనుగొన్న ఫ్రీడ్రిష్ స్ట్రోమెయర్ వద్ద రసాయన శాస్త్రం అభ్యసించాడు. భౌతిక, ఖనిజ, గణిత శాస్త్రాలు కూడా చదివాడు. గాలిలోని తేమను కొలిచే హైగ్రోమీటర్లను గురించి వ్రాసిన సిద్ధాంత వ్యాసానికి 1831లో డాక్టరేటు పొందాడు. గాలిలో కంటికి కనబడనిదానిని కొలవడమనే ఆసక్తి ఈయనకు విద్యార్థి దశలోనే ఏర్పడిందని దీనివల్ల తెలుస్తున్నది.

1832, 1833 సంవత్సరాలలో ప్రభుత్వ ధనసహాయంతో యూరప్‌లో విస్తృతంగా పర్యటించాడు. బెర్లిన్, గీసెన్, బాన్, పారిస్, వియన్నా నగరాలలోని ప్రయోగశాలలను, పేరుపొందిన కర్మాగారాలను, గనులను సందర్శించాడు. గీసెన్‌లో లీబిగ్‌తో పరిచయమైంది. శాస్త్రజ్ఞానాన్ని పరిశ్రమకు జోడించే దృష్టి ఈ యాత్ర వల్ల బలపడింది.

ఆర్సెనిక్ పరిశోధనలు

తిరిగి వచ్చిన పిమ్మట 1833లో గోటింగెన్‌లో అధ్యాపకుడయ్యాడు. 1834లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ అనే వైద్యునితో కలిసి, ఆర్సెనిక్ విషానికి తడి ఇనుప ఆక్సైడు విరుగుడుగా పనిచేస్తుందని కనుగొన్నాడు. ఈ ఆక్సైడు ఆర్సెనిక్‌ను నీటిలో కరగని పదార్థంగా మార్చి శరీరంలోకి ఇంకకుండా చేస్తుంది.

1836లో కాసెల్ నగరంలోని సాంకేతిక పాఠశాలలో ఫ్రీడ్రిష్ వోలర్ స్థానంలో నియమితుడయ్యాడు. అక్కడ కకోడిల్ అనే ఆర్సెనిక్ సమ్మేళనాలపై పరిశోధన ప్రారంభించాడు. ఇవి మిక్కిలి దుర్గంధం కలవి, విషపూరితమైనవి. వీటిలో కొన్ని గాలి తగిలినంత మాత్రాననే మండుతాయి. ఈ పరిశోధనలో ఒకసారి కకోడిల్ సయనైడు పేలిపోయి, బున్సెన్ కుడికన్ను చూపు శాశ్వతంగా పోయింది. ఆర్సెనిక్ విషం వల్ల ప్రాణాపాయం కూడా తప్పింది. అయినప్పటికీ పరిశోధనను పూర్తిచేసిన తరువాతనే విడిచిపెట్టాడు. ఆ తరువాత కర్బన రసాయన శాస్త్రం వైపు మళ్ళీ పెద్దగా వెళ్ళలేదు.

కొలిమి వాయువుల పరిశోధన

కాసెల్‌లో ఉన్న కాలంలోనే, 1838లో, ఆ ప్రాంతానికి చేరువలో ఉన్న వెకర్‌హాగెన్ ఇనుప కొలిమిని బున్సెన్ అధ్యయనం చేశాడు. ఇది కట్టెబొగ్గుతో నడిచే కొలిమి. ఆ రోజులలో ఇటువంటి కొలిముల నోటివద్ద పగలూ రాత్రీ పెద్ద మంట లేస్తూ ఉండేది. అది కొలిమి బాగా పనిచేస్తున్నదనడానికి గుర్తు అని చాలామంది భావించేవారు. బున్సెన్ ఆ మంట అసలు ఎందుకు వస్తున్నదో తెలుసుకోదలచాడు. కొలిమి లోపలికి గొట్టం దించి, వేర్వేరు లోతులలో వాయువును సేకరించి, ప్రయోగశాలలో విశ్లేషించాడు.

దీనిలోని విషయం ఇది. కొలిమి అడుగున ఊదిన గాలిలోని ఆక్సిజన్ బొగ్గుతో కలిసి మొదట బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, ఏర్పడుతుంది. అది ఎర్రగా కాలిన బొగ్గు గుండా పైకి పోతూ కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. ముడి ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను లాగి ఇనుమును వేరుచేసేది ప్రధానంగా ఈ మోనాక్సైడే. అయితే ఏర్పడిన మోనాక్సైడు అంతా ఈ పనికి ఉపయోగపడదు. మిగిలినది కొలిమి నోటి నుంచి బయటికి పోతుంది. కర్బనం పూర్తిగా మండి డయాక్సైడు అయితే ఒక మోలుకు సుమారు 393 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. మోనాక్సైడు దగ్గరే ఆగిపోతే సుమారు 110 కిలోజౌళ్లు మాత్రమే వెలువడుతుంది. అంటే బయటికి పోయే ప్రతి మోలు మోనాక్సైడుతో, ఆ కర్బనానికి చెందిన వేడిలో సుమారు 72 శాతం తరలిపోతున్నదన్నమాట. కొలిమి నోటివద్ద మండే మంట ఈ నష్టానికే గుర్తు. వెకర్‌హాగెన్ కొలిమిలో ఇంధనపు వేడిలో సగానికి పైగా ఇలా వృథా అవుతున్నదని బున్సెన్ లెక్కకట్టాడు.

ఈ ఫలితాలు ఇంగ్లండులో ఆసక్తి కలిగించాయి. స్కాటిష్ రసాయన శాస్త్రవేత్త లయన్ ప్లేఫెయిర్‌తో కలిసి బున్సెన్ డెర్బీషైర్‌లోని ఆల్‌ఫ్రెటన్ కొలిమిని పరిశీలించాడు. ఇది ఖనిజ బొగ్గుతో నడిచేది. ఇక్కడ నష్టం ఇంకా ఎక్కువ. ఇంధనంలో 80 శాతానికి పైగా వాయువుల రూపంలో పోతున్నదని తేలింది. ఆ వాయువులలో అమ్మోనియా వంటి విలువైన ఉపోత్పత్తులు ఉన్నాయని, కొలిమి లోపల పొటాషియం సయనైడు కూడా ఏర్పడుతున్నదని వారు కనుగొన్నారు. తమ నివేదికను 1845లో బ్రిటిష్ అసోసియేషన్‌కు సమర్పించారు. ఈ వాయువులను గొట్టాల ద్వారా పట్టి మళ్ళీ ఇంధనంగా వాడుకోవచ్చునని సూచించారు.

కొలిమి వాయువులను వాడుకొనే ప్రయత్నాలు జర్మనీలో 1830లలోనే మొదలయ్యాయి. బున్సెన్ వాటికి కచ్చితమైన లెక్కల ఆధారాన్ని సమకూర్చాడు. బ్రిటన్‌లోని కొలిముల యజమానులు మాత్రం ఈ సూచనను వెంటనే స్వీకరించలేదు. తరువాతి దశాబ్దాలలో కొలిమి నోటిని మూసి, ఆ వాయువుతోనే లోపలికి ఊదే గాలిని వేడిచేయడం, బాయిలర్లు నడపడం ఇనుప పరిశ్రమలో సాధారణమైంది. నేటి ఉక్కు కర్మాగారాలలో బ్లాస్టు కొలిమి వాయువును ఇంధనంగా వాడడం మామూలు విషయం.

వాయువులను కొలిచిన విధానం

బున్సెన్ 1839లో మార్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి మారి, 1841లో అక్కడ పూర్తిస్థాయి ఆచార్యుడయ్యాడు. వాయు విశ్లేషణ పద్ధతులను సంవత్సరాల తరబడి మెరుగుపరచి, 1857లో జర్మన్ భాషలో ఒక గ్రంథంగా ప్రకటించాడు. హెన్రీ రాస్కో చేసిన దాని ఆంగ్లానువాదం అదే సంవత్సరం వెలువడింది. బున్సెన్ స్వయంగా వ్రాసిన ప్రధాన గ్రంథం ఇదే.

ఈయన పద్ధతిలో ముఖ్య పరికరం యూడియోమీటరు. ఇది ఒకవైపు మూసి, గీతలు గుర్తించిన పొడవైన గాజు నాళిక. దీనిని పాదరసంతో నింపి, పాదరసపు తొట్టిలో తలక్రిందులుగా నిలబెట్టి, లోపలికి వాయువును పంపుతారు. వాయువు ఘనపరిమాణం ఉష్ణోగ్రతను బట్టి, పీడనాన్ని బట్టి మారుతుంది. కాబట్టి ప్రతి కొలతతో పాటు ఉష్ణోగ్రతను, గాలి పీడనాన్ని, నీటి ఆవిరి పీడనాన్ని నమోదుచేసి, ఘనపరిమాణాన్ని ప్రామాణిక స్థితికి సవరించాలి. ఈ సవరణలు చేయని కొలత ఎంత జాగ్రత్తగా తీసినా తప్పుదారి పట్టిస్తుంది. బున్సెన్ ఈ విషయంలో ఎంతమాత్రం రాజీపడలేదు.

తరువాత వాయువులను ఒక్కొక్కటిగా తొలగించాలి. పొటాషియం హైడ్రాక్సైడు ఉండను నాళికలోకి ఎక్కిస్తే అది కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటుంది. ఎంత ఘనపరిమాణం తగ్గిందో అంత డయాక్సైడు ఉన్నట్లు. అదే విధంగా క్షారంలో కలిపిన పైరోగాలిక్ ఆమ్లం ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. మిగిలిన మిశ్రమంలో హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడు, మీథేన్, నైట్రోజన్ ఉండవచ్చు. వీటికి తగినంత ఆక్సిజన్ కలిపి, విద్యుత్ నిప్పురవ్వతో పేల్చాలి. ఏర్పడిన నీరు ద్రవంగా మారిపోతుంది. అప్పుడు తగ్గిన ఘనపరిమాణం, కొత్తగా ఏర్పడిన డయాక్సైడు, ఖర్చయిన ఆక్సిజన్ అనే మూడు కొలతల నుంచి మూడు వాయువుల పాళ్లు బీజగణితం ద్వారా తెలుస్తాయి.

ఉదాహరణకు 100 మిల్లీలీటర్ల మిశ్రమాన్ని పేల్చినపుడు ఘనపరిమాణంలో తగ్గుదల 33, ఏర్పడిన డయాక్సైడు 24, ఖర్చయిన ఆక్సిజన్ 23 మిల్లీలీటర్లు అనుకుందాం.

తగ్గుదలకు డయాక్సైడును కలిపి, దాని నుంచి ఆక్సిజన్‌ను తీసివేస్తే మండిన వాయువుల మొత్తం వస్తుంది: 33 + 24 - 23 = 34.

హైడ్రోజన్ నుంచి డయాక్సైడు ఏర్పడదు. మోనాక్సైడు, మీథేన్ మాత్రం తమ ఘనపరిమాణానికి సమానమైన డయాక్సైడును ఇస్తాయి. కాబట్టి హైడ్రోజన్ 34 - 24 = 10.

మిగిలిన రెండింటి మొత్తం 24. హైడ్రోజన్ 10 మిల్లీలీటర్లు మండడానికి 5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ కావాలి. మిగతా రెండింటికి ఖర్చయినది 23 - 5 = 18. మోనాక్సైడుకు సగం వంతు, మీథేన్‌కు రెండింతలు ఆక్సిజన్ కావాలి. 24 మిల్లీలీటర్లూ మోనాక్సైడే అయితే 12 సరిపోయేది. అదనంగా పట్టిన 6 మీథేన్ వల్లనే. ప్రతి మిల్లీలీటరు మీథేన్‌కు అదనం 1.5 కాబట్టి మీథేన్ 4, మోనాక్సైడు 20.

పేలుడులో పాల్గొనని 66 మిల్లీలీటర్లు నైట్రోజన్. పదవ తరగతి విద్యార్థి సైతం చేయగల ఈ లెక్కతో కొలిమి లోపలి స్థితి బయటపడుతుంది.

ఈ నైపుణ్యంతోనే బున్సెన్ 1857లో రష్యన్ రసాయన శాస్త్రవేత్త షిష్కోవ్‌తో కలిసి తుపాకిమందు మండినపుడు వెలువడే పదార్థాలను విశ్లేషించాడు. నీటిలో వాయువులు కరిగే పరిమాణాలను కూడా కచ్చితంగా నిర్ణయించాడు.

ఐస్‌లాండ్ యాత్ర

1845లో ఐస్‌లాండ్‌లోని హెక్లా అగ్నిపర్వతం బద్దలైన తరువాత, 1846లో బున్సెన్ మరికొందరు శాస్త్రజ్ఞులతో కలిసి ఆ ద్వీపానికి వెళ్ళాడు. అగ్నిపర్వత వాయువులను, శిలలను సేకరించి విశ్లేషించాడు. వేడినీటి బుగ్గలు ఆగి ఆగి పైకి చిమ్మడానికి కారణం కూడా పరిశోధించాడు. గీసర్ గొట్టంలో వివిధ లోతుల వద్ద ఉష్ణోగ్రతలను కొలిచి చూశాడు. పైనున్న నీటి బరువు వల్ల లోతులోని నీరు 100 డిగ్రీలు దాటినా మరగదని, ఆ నీరు కొద్దిగా పైకి జరిగి పీడనం తగ్గగానే ఒక్కసారిగా ఆవిరై పైనున్న నీటిని చిమ్ముతుందని వివరించాడు. తిరిగి వచ్చిన తరువాత ప్రయోగశాలలో నమూనా గీసర్‌ను నిర్మించి దీనిని ప్రదర్శించాడు.

హైడెల్‌బర్గ్ జీవితం

1851లో కొంతకాలం బ్రెస్లా విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. అక్కడే కిర్కాఫ్‌తో స్నేహం కలిసింది. 1852లో లియోపోల్డ్ గ్మెలిన్ స్థానంలో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడయ్యాడు. పదవీ విరమణ చేసేవరకు అక్కడే ఉన్నాడు. 1854లో కిర్కాఫ్ కూడా హైడెల్‌బర్గ్ వచ్చి చేరాడు.

బున్సెన్ బర్నరు: హైడెల్‌బర్గ్‌లో కొత్త ప్రయోగశాల నిర్మాణం జరుగుతున్నపుడు, పట్టణంలో గ్యాసు సరఫరా ఏర్పడింది. అప్పటి గ్యాసు బర్నర్ల మంట పచ్చగా, మసి పట్టేదిగా ఉండేది. గ్యాసు మండకముందే దానిలో గాలిని కలిపితే మంట వేడిగా, పొగ లేకుండా, వెలుగు లేకుండా ఉంటుందని బున్సెన్ గ్రహించాడు. ఈ ఆలోచన ప్రకారం విశ్వవిద్యాలయ పరికరాల నిపుణుడు పీటర్ డెసాగా 1855 ప్రాంతంలో బర్నరును తయారుచేశాడు. ఇటువంటి బర్నరును మైకేల్ ఫారడే అంతకుముందే వర్ణించి ఉన్నాడు. బున్సెన్, డెసాగాల బర్నరు సులువుగా పనిచేసేది కావడంతో అందరూ దీనినే స్వీకరించారు. బున్సెన్ దీనికి పేటెంటు తీసుకోలేదు. కొలిమిలో గాలి చాలక మోనాక్సైడు మిగిలిపోవడాన్ని కొలిచిన శాస్త్రవేత్తే, గాలిని సరిగా కలిపే బర్నరును రూపొందించడం గమనించదగిన విషయం.

వర్ణపట విశ్లేషణ: రంగులేని ఈ మంటలో లవణాలను ఉంచితే వాటి సహజమైన రంగులు స్పష్టంగా కనిపించేవి. రంగు అద్దాల ద్వారా కాక, పట్టకం గుండా ఈ వెలుగును చూడమని కిర్కాఫ్ సూచించాడు. 1859లో ఇద్దరూ కలిసి వర్ణపటదర్శినిని రూపొందించారు. ప్రతి మూలకానికి దానికే ప్రత్యేకమైన గీతలు ఉంటాయని నిరూపించారు. 1860లో డర్క్‌హైమ్ ఖనిజ జలాలలో కొత్త నీలిగీతలను చూసి, సీజియం మూలకాన్ని కనుగొన్నారు. సుమారు 44,000 లీటర్ల నీటిని మరిగించినా లభించిన లవణం కొద్ది గ్రాములే. 1861లో లెపిడోలైట్ ఖనిజంలో ఎర్రగీతల ఆధారంగా రుబీడియంను కనుగొన్నారు. ఇదే పద్ధతితో ఇతరులు థాలియం, ఇండియం మూలకాలను కనుగొన్నారు.

ఈ వర్ణపటదర్శినికి తెలుగునాటితో ఒక సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం సందర్భంగా ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో వర్ణపటదర్శినితో సూర్యుని అంచున లేచే జ్వాలలను పరిశీలించి, అవి వేడి వాయువులని తెలుసుకున్నాడు. గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చునని మరునాడే కనుగొన్నాడు.

ఇతర పరిశోధనలు: 1841లో ప్లాటినం బదులు చవకైన కర్బన పలకను వాడి బున్సెన్ విద్యుత్ ఘటాన్ని తయారుచేశాడు. దానితో 1852లో విద్యుద్విశ్లేషణ ద్వారా మెగ్నీషియంను తీశాడు. రాస్కోతో కలిసి కాంతి వలన జరిగే రసాయన చర్యలను పది సంవత్సరాల పాటు అధ్యయనం చేశాడు. 1868లో నీటి ప్రవాహంతో పనిచేసే వడపోత పంపును, 1870లో మంచు కెలోరీమీటరును రూపొందించాడు.

శిష్యులు

బున్సెన్ గొప్ప అధ్యాపకుడు. ప్రయోగశాలలో ప్రతి విద్యార్థి బల్లవద్దకు స్వయంగా వెళ్ళి, గాజు ఊదడం మొదలు తూకం వరకు చేసి చూపేవాడు. హెర్మన్ కోల్బె, ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లాండ్, జాన్ టిండాల్, హెన్రీ రాస్కో, విక్టర్ మేయర్, గ్యాసు మాంటిల్ కనుగొన్న ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ మొదలైనవారు ఈయన వద్ద చదివారు. ఆవర్తన పట్టికతో పేరుగాంచిన మెండలీవ్ కొంతకాలం హైడెల్‌బర్గ్‌లో ఉన్నాడు.

ఆవర్తన పట్టికకు కృషిచేసిన మరొక శాస్త్రవేత్త లోథార్ మేయర్ కూడా బున్సెన్ శిష్యుడే. వైద్యవిద్య చదివిన ఇతడు బున్సెన్ వాయు విశ్లేషణ పద్ధతులను నెత్తురులోని వాయువులకు వర్తింపజేశాడు. రక్తంలో ఆక్సిజన్ కేవలం కరిగి ఉండదని, రసాయనికంగా బంధితమై ఉంటుందని చూపాడు. కార్బన్ మోనాక్సైడు ఆ ఆక్సిజన్‌ను తొలగించి దాని స్థానాన్ని ఆక్రమిస్తుందని పరిశోధించాడు. మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించేవారు మరణించడానికి కారణం ఇదే. కొలిమివద్ద ఇంధన నష్టానికి గుర్తయిన వాయువే ఇంటిలో ప్రాణాంతకమైనది కావడం వల్ల, దానిని కొలవడం ఖర్చుకు మాత్రమే కాక ప్రాణానికీ సంబంధించిన విషయమైంది.

వ్యక్తిత్వం

బున్సెన్ జీవితాంతం అవివాహితుడు. నిరాడంబరుడు, హాస్యప్రియుడు. సిద్ధాంత చర్చల కన్నా ప్రయోగ ఫలితాలకే విలువనిచ్చేవాడు. తన ఆవిష్కరణల ద్వారా ధనం సంపాదించడానికి ప్రయత్నించలేదు.

ప్రమాదాలు, నష్టాలు ఈయనను పనినుంచి మరల్చలేకపోయాయి. 1869లో ప్లాటినం జాతి లోహాల పొడి పేలి ముఖం, చేతులు కాలాయి. 1874లో అరుదైన మృత్తికల వర్ణపటాలను గురించి ఎంతో శ్రమపడి సిద్ధం చేసిన వ్రాతప్రతి అగ్నికి ఆహుతి అయింది. బల్లపై ఉన్న నీటి పాత్ర కటకంవలె పనిచేసి సూర్యకిరణాలను కాగితాలపై కేంద్రీకరించడమే దీనికి కారణం. బున్సెన్ మొత్తం పనిని తిరిగి మొదలుపెట్టి 1875లో ప్రచురించాడు.

చివరి రోజులు

1889లో పదవీ విరమణ చేశాడు. ఆ పిమ్మట యువకునిగా ఉన్నప్పటినుంచి తనకు ఇష్టమైన భూగర్భ శాస్త్ర గ్రంథాలు చదువుకుంటూ కాలం గడిపాడు. 1899 ఆగస్టు 16న 88వ ఏట హైడెల్‌బర్గ్‌లో మరణించాడు. అక్కడి బెర్గ్‌ఫ్రీడ్‌హోఫ్ శ్మశానవాటికలో ఈయన సమాధి ఉంది.

నేటి పొగవాయు విశ్లేషకాలు

బున్సెన్ పద్ధతి కచ్చితమైనదే కాని ప్రయోగశాలలో, పాదరసంతో, నిదానంగా చేయవలసినది. 1870లలో ఫ్రాన్స్‌కు చెందిన ఓర్సా రూపొందించిన పరికరం ఈ పనిని బాయిలరు వద్దకే తీసుకువచ్చింది. అందులో డయాక్సైడును పొటాషియం హైడ్రాక్సైడు, ఆక్సిజన్‌ను పైరోగాలాల్, మోనాక్సైడును క్యుప్రస్ క్లోరైడు ద్రావణం వరుసగా పీల్చుకుంటాయి.

నేటి చేతి విశ్లేషకాలలో పంపు పొగగొట్టం నుంచి వాయువును లాగుతుంది. మసిని ఫిల్టరు, నీటిని ఒక చిన్న పాత్ర ఆపుతాయి. తరువాత వాయువు విద్యుద్రసాయన ఘటాలను చేరుతుంది. ఘటంలో ఆక్సిజన్ లేదా మోనాక్సైడు ఎలక్ట్రోడు వద్ద రసాయన చర్య జరిపినపుడు, దాని పాలుకు అనుగుణంగా విద్యుత్తు పుడుతుంది. కొన్ని పరికరాలు జిర్కోనియా ఘటంతో ఆక్సిజన్‌ను, పరారుణ కిరణాలతో డయాక్సైడు, మోనాక్సైడులను కొలుస్తాయి.

చాలా చేతి పరికరాలలో డయాక్సైడును నేరుగా కొలవరు, లెక్కకడతారు. గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. శుద్ధ కర్బనం అదనపు గాలి లేకుండా మండితే ఈ ఆక్సిజన్ అంతే ఘనపరిమాణం గల డయాక్సైడుగా మారుతుంది కాబట్టి గరిష్ఠ విలువ 20.9. ఇంధనంలో హైడ్రోజన్ ఉంటే కొంత ఆక్సిజన్ నీటిగా మారి, ఆ నీరు విడిపోతుంది. అందువల్ల సహజవాయువుకు ఈ గరిష్ఠ విలువ సుమారు 12 శాతమే. పొగలో ఆక్సిజన్ 5 శాతం ఉంటే:

డయాక్సైడు = 12 × (20.9 - 5) ÷ 20.9 = సుమారు 9.1 శాతం.

అదనపు గాలి = 5 ÷ (20.9 - 5) = సుమారు 31 శాతం.

మోనాక్సైడు 100 పీపీఎం అని చూపితే, అదనపు గాలితో పలుచబడని అసలు విలువ = 100 × 20.9 ÷ 15.9 = సుమారు 131 పీపీఎం. ఈ సవరణ లేకపోతే, గాలిని ఎక్కువగా కలిపి మోనాక్సైడు తక్కువగా ఉన్నట్లు చూపవచ్చు.

పొగ ఉష్ణోగ్రతకు, గది ఉష్ణోగ్రతకు గల తేడాను బట్టి వేడి నష్టాన్ని సీగర్ట్ సూత్రంతో కనుగొంటారు. సహజవాయువుకు ఇందులోని స్థిరాంకాలు 0.66, 0.009. పొగ 180, గది 20 డిగ్రీల సెల్సియస్, ఆక్సిజన్ 5 శాతం అయితే:

నష్టం = 160 × (0.66 ÷ (21 - 5) + 0.009) = సుమారు 8 శాతం.

గాలి తక్కువైతే మోనాక్సైడు పెరిగి ఇంధనం మండకుండా పోతుంది. గాలి ఎక్కువైతే ఆ గాలిని వేడిచేయడానికి ఇంధనం ఖర్చవుతుంది. ఈ రెండింటి మధ్య సరైన స్థానాన్ని చూపడమే విశ్లేషకం పని. ఘటం ఏ వాయువును కొలుస్తున్నది, ఏ విలువ లెక్క ద్వారా వచ్చినది అన్న సంగతి తెలియకుండా తెరపై అంకెను నమ్మరాదు. ఇంధనం రకాన్ని పరికరంలో తప్పుగా ఎంచుకుంటే ఘటాలు సరిగా కొలిచినా డయాక్సైడు, నష్టం అంకెలు తప్పుగా వస్తాయి.

గుర్తింపు

1860లో లండన్ రాయల్ సొసైటీ కోప్లే పతకం బున్సెన్‌కు లభించింది. 1877లో డేవీ పతకాన్ని మొట్టమొదటిసారిగా ప్రదానం చేసినపుడు, బున్సెన్, కిర్కాఫ్‌లు దానిని కలిసి అందుకున్నారు. 1898లో ఆల్బర్ట్ పతకం పొందాడు. జర్మనీ విద్యుద్రసాయన సంఘం 1902లో ఈయన పేరును స్వీకరించి బున్సెన్ సంఘంగా మారింది. 1908లో హైడెల్‌బర్గ్‌లో ఈయన విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. బున్సెనైట్ అనే నికెల్ ఖనిజానికి, చంద్రునిపై ఒక బిలానికి ఈయన పేరు పెట్టారు.